పనసకొమ్మ మీద కోడి ఈకలు

ప్రశ్న: అక్కయ్య గారూ, మాది అడవివరం. ఇంటి వెనక నాలుగు సెంట్ల పెరడు, గోడ దాటితే తోటలు, ఆ పైన కొండ. సంక్రాంతి వెళ్లాక సబ్బవరం నుంచి మా ఆడపడుచు రెండు నాటు పెట్టలు, ఒక పుంజు ఇచ్చింది. తర్వాత ఆరు గ్రామప్రియ (పెరట్లో పెంచే మేలురకం) పెట్టలు కొన్నాం. ఏప్రిల్‌లో ఒక నాటు పెట్ట తొమ్మిది పిల్లల్ని లేపింది. నెల తిరిగేసరికి మూడే మిగిలాయి. ఎప్పుడు పోయాయో, ఎటు పోయాయో తెలీదు. ఒక్క ఈక కూడా దొరకలేదు. మే నెలాఖరులో ఒక మధ్యాహ్నం నేను భోంచేసి కాస్త నడుం వాల్చి లేచేసరికి రెండు గ్రామప్రియ పెట్టలు గూటి పక్కనే చచ్చిపడి ఉన్నాయి. మెడ దగ్గర కొరికి ఉంది, మిగతా ఒళ్లంతా అలాగే ఉంది. మొన్న గురువారం రాత్రి ఇంకో పెట్ట మాయం. గూటి మీదికి వాలిన పనసకొమ్మ మీద, గోడ మీద ఈకలు కనిపించాయి. గూడు మా ఆయనే కట్టారు. చుట్టూ చికెన్ మెష్, పైన పాత ఫ్లెక్సీ. పక్కింటివాళ్లు మాంసంలో పురుగుమందు గుళికలు కలిపి పెట్టమంటున్నారు. మా అత్తగారు ఉన్నవి కోసుకు తినేసి గొడవ వదిలించుకోమంటున్నారు. ఏం చేయమంటారు?
ఒక పాఠకురాలు, అడవివరం

జవాబు: అమ్మా, గుళికలు మాత్రం పెట్టకండి. ఆ మాట ముందు చెప్పేసి మిగతాది తీరిగ్గా మాట్లాడుకుందాం. మాంసం ముక్క మీద ఎవరి పేరూ రాసి ఉండదు. మీరు అడవి జంతువు కోసం పెడితే వీధికుక్క తింటుంది. చచ్చిన కుక్కని కాకులు పీకుతాయి. ఆ కాకి వచ్చి మీ పెరట్లో రాలితే మీ కోళ్లే దాన్ని పొడుస్తాయి. చుట్టుపక్కల పాకే పిల్లలుంటే ఆ సంగతి వేరే చెప్పక్కర్లేదు. పైగా ముంగిస, మానుపిల్లి (చెట్లెక్కే పునుగుపిల్లి జాతి జంతువు), నాగుపాము, జెర్రిపోతు ఇవన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నవి. మందు పెట్టినా, ఉచ్చు వేసినా కేసవుతుంది. ఇంటి కరెంటుని కంచెకి తగిలిద్దామని ఎవరైనా సలహా ఇస్తే వాళ్లని మళ్లీ పెరట్లోకి రానివ్వకండి.

ఇక మీ ఉత్తరం. రెండుసార్లు చదివాను. మీరు రాసిన మూడు సంగతులూ ఒకే దొంగ పనిలా లేవు. నా లెక్కలో మీ పెరట్లో ముగ్గురు తిరుగుతున్నారు, ముగ్గురికీ వేళలు వేరు. ఇది తేల్చుకోకుండా డబ్బు ఖర్చు పెడితే ఒకరికి తలుపేసి ఇద్దరికి తెరిచినట్టవుతుంది.

మొదట పిల్లల సంగతి. పగలు, ఒక్కొక్కటిగా, ఈక కూడా మిగలకుండా పోయాయంటే అది పైనుంచి వచ్చే దొంగ. గద్దో, డేగో, కాకో. మన విశాఖలో గద్దలకి కొదవేమిటి! ఫిషింగ్ హార్బర్ దగ్గర నిలబడితే నెత్తిమీద డజన్లకొద్దీ తిరుగుతుంటాయి. గద్ద కనీసం కనిపిస్తుంది. పెట్ట మెడ పక్కకి తిప్పి ఒంటికన్నుతో ఆకాశంలోకి చూసి, 'క్ర్‌ర్' అని ఒక్క కూత కూస్తే పిల్లలన్నీ రెక్కల కిందకి దూరతాయి. డేగ అలా కాదు. ఏ మునగచెట్టు కొమ్మమీదో చప్పుడు లేకుండా కూర్చుని, నేలకి జానెడు ఎత్తులో దూసుకొచ్చి ఎత్తుకుపోతుంది. కాకులైతే వారం లోపు పిల్లల జోలికి వస్తాయి, జంటగా వస్తాయి. ఒకటి తల్లిని ఉడికిస్తుంటే రెండోది వెనక నుంచి పని కానిస్తుంది. వాటి తెలివికి నాకు ఎంత కోపం వచ్చినా ఎక్కడో ముచ్చట కూడా వేస్తుంది.

ఒక చిన్న అనుమానం మాత్రం మిగిలే ఉంది. ఒకవేళ పిల్లలు రాత్రిళ్లు పోయి ఉంటే అది పందికొక్కు పని. గోడ వారన, నీళ్ల తొట్టి వెనక, పిడికిలి పట్టే బొరియలు, తాజాగా తోడిన మట్టి ఉన్నాయేమో చూడండి. పందికొక్కు పిల్లని బొరియలోకి లాక్కుపోతుంది, పైన ఏమీ మిగలదు.

రెండోది, మధ్యాహ్నం పోయిన పెట్టలు. అది ముంగిస అని దాదాపు రాసిచ్చేస్తాను. ముంగిస పగలు తిరిగే జంతువు. మన దగ్గర చాలామందికి కోళ్ల దొంగ అంటే రాత్రే వస్తుందని ఒక నమ్మకం, అందుకే రాత్రి గొళ్లెం పెట్టి పగలు ధీమాగా ఉంటారు. అది మెడ వెనక పట్టి కొరుకుతుంది. ఒకటి దొరికాక ఆగదు, కదిలేవాటిని వరసగా పట్టేస్తుంది. తర్వాత ఎవరైనా వచ్చిన అలికిడైతే వదిలేసి పోతుంది. రక్తం తాగి వదిలేసిందని అంటుంటారు గానీ అదంతా ఒట్టిదే. తినే టైము దొరకలేదు, అంతే.

నాకీ పాఠం పెందుర్తిలో ఉండగా వచ్చింది. ఆ రోజు ఇడ్లీ పిండి రుబ్బుకుంటున్నాను. పెరట్లో పెట్ట అరిచింది. గుడ్డు పెట్టినప్పుడు అరిచే అరుపు కాదు, గొంతు పట్టేసినట్టు తెగిపోతున్న అరుపు. పిండిచేతులతోనే పరిగెత్తాను. గూటి తలుపు ముందు ముంగిస వెనక కాళ్ల మీద లేచి నిలబడి నన్నే చూస్తోంది. మూతి ఎర్రగా ఉంది. భయపడి పారిపోతుందనుకున్నాను. అదేమో, నేను ఎవరో, ఇక్కడ నాకేం పనో కనుక్కుంటున్నట్టు తలాడించింది. చేతిలో చెంబు విసిరాక గానీ కదల్లేదు. కదిలి ఎటు పోయిందనుకున్నారు? మళ్లీ గూట్లోకే దూరి, అవతల మూల మెష్‌కీ నేలకీ మధ్య ఉన్న సందులోంచి బయటపడి గోడ పక్కన పేర్చిన పాత పెంకుల్లోకి పోయింది. ఆ సందు మీద నేను ఆర్నెల్ల నుంచి రోజూ చీపురు వేస్తున్నాను. ఒక్కరోజు కూడా అది సందులా కనిపించలేదు. లోపల నాలుగు పెట్టలు చచ్చిపడి ఉన్నాయి.

అప్పటి నుంచి నా దగ్గర ఒక టీ గ్లాసు ఉంటుంది. ఊరి హోటల్లో ఇచ్చే చిన్న గాజు గ్లాసు. గూడు చుట్టూ తిరిగి ఎక్కడ ఆ గ్లాసు పడుతుందో అక్కడ ముంగిస పడుతుందని లెక్క. కోడిగుడ్డు పట్టే సందులో పందికొక్కు పడుతుంది. మీరు కూడా ఇవాళే గ్లాసు పట్టుకుని ఒకసారి తిరిగి రండి. తలుపు కింద, మూలల దగ్గర, మెష్‌ని కర్రకి కట్టిన చోట్ల కూర్చుని చూడండి. నిలబడితే కనపడవు. గోడ పక్కన పెంకులు, రాళ్లు, కట్టెలు పేర్చి ఉంటే తీయించేయండి. అది దాని ఇల్లు. కొండ దాకా దాని వెంటపడాల్సిన పని లేదు, మన గోడ పక్కన అద్దె లేకుండా ఉంచకపోతే చాలు.

మూడోవాడు గురువారం రాత్రి వచ్చినవాడు. మీ పనసచెట్టే వాడి దారి. కొమ్మ మీద ఈకలున్నాయంటే చెట్టెక్కే జంతువు. కుక్క కాదు, నక్క కాదు. బావురుపిల్లికి (అడవిపిల్లికి) గోడ చాలు, కొమ్మతో పని లేదు. కాబట్టి మానుపిల్లే అయి ఉంటుంది. మీ వైపు సింహాచలం కొండ పనసకి పేరు. మే, జూన్ నెలల్లో పండు వాసన కొట్టిందంటే మానుపిల్లి చెట్టు మీద హాజరు. దానికి ముఖ్యంగా కావాల్సినవి పళ్లే. ఈతపళ్లు, అరటిపళ్లు, తాటికల్లు కుండ దొరికితే అదీ. పనసపండు కోసం వచ్చినవాడు కింద ఫ్లెక్సీ పలచగా ఊగుతూ, దాని కింద కోళ్లు వరసగా కూర్చుని కనిపిస్తే ఊరుకుంటాడా? కోడికి చీకట్లో కళ్లు ఆనవు. పక్కదాన్ని పట్టుకుపోతున్నా ఇది కదలదు. అందుకే మీకు అరుపు కూడా వినపడి ఉండదు. గోడ మీద గింజలు గింజలుగా పెంట ఉందేమో చూడండి. ఉంటే ఇంక అనుమానం లేదు.

అనుమానం తీర్చుకోవడానికి నేను చేసే పని ఒకటి చెప్తాను, ఖర్చు లేదు. రాత్రి పడుకునే ముందు గూడు చుట్టూ మూరెడు వెడల్పున, గోడ మీద కొంత దూరం ముగ్గుపిండి పలచగా చల్లండి. బియ్యప్పిండి వద్దు, చీమలు పడతాయి. రాతి ముగ్గే. పొద్దున్న మీరు నడవకముందే చూడండి. నాలుగు వేళ్లు, గోళ్ల గుర్తులుంటే కుక్క. నాలుగు వేళ్లే ఉండి గోళ్లు కనపడకపోతే పిల్లిజాతి. ఐదు వేళ్లుంటే ముంగిసో, మానుపిల్లో. పగలు పడితే ముంగిస, రాత్రి పడితే మానుపిల్లి. చిన్న చిన్న అడుగుల మధ్య తోక గీసిన గీత ఉంటే కొక్కు. అడుగులే లేకుండా వంకరగీత ఒక్కటే ఉంటే అదేంటో మీకే తెలుస్తుంది.

ఇప్పుడు గూడు. మీ వారు కష్టపడి కట్టారు, ఆయన్ని ఏమీ అనకండి. కానీ చికెన్ మెష్ అనేది కోడిని లోపల ఉంచడానికి పుట్టింది, దొంగని బయట ఉంచడానికి కాదు. ఆరుమూలల కళ్లున్న ఆ సన్నతీగని కుక్క పంటితో లాగితే విడిపోతుంది. కంటిలోంచి చెయ్యి దూర్చి కోడి కాలు పీకే పిల్లులు ఉన్నాయి. దాని బదులు వెల్డ్ మెష్ (అడ్డం, నిలువు తీగలు అతికించిన గట్టి జాలీ) వేయించండి. కింద రెండడుగుల మేర అరంగుళం కన్ను ఉన్నది, పైన అంగుళం కన్నుది సరిపోతుంది. మెష్‌ని నేల దగ్గర ఆపేయకుండా బయటివైపు అడుగు వెడల్పున మడిచి, నేల మీద పరిచి, మీద మట్టీ రాళ్లూ వేయండి. తవ్వే జంతువు గోడ మొదట్లోనే తవ్వుతుంది. అక్కడ తీగ తగిలితే అడుగు వెనక్కి జరిగి తవ్వాలన్న ఆలోచన దానికి రాదు.

పైకప్పు ఇంకా ముఖ్యం. ఫ్లెక్సీ తీసేయండి. రేకు వేసి, రేకుకీ మెష్‌కీ మధ్య గాలికి వదిలిన ఖాళీని కూడా మెష్‌తోనే మూయండి. మానుపిల్లి దూరేది అక్కడే. గూటి మీదికి వాలిన కొమ్మ కొట్టించండి, గూటికి ఆరేడు అడుగుల దూరంలో ఏ కొమ్మా లేకుండా. చెట్టు మొత్తం కొట్టొద్దు, మీ అత్తగారు నన్ను తిడతారు. పండు వాసన రాగానే కోసి లోపల పెట్టుకోండి.

మళ్లీ కట్టేటప్పుడు గూటిని రెండున్నర అడుగుల కాళ్ల మీద ఎత్తి కట్టించుకోండి. మీకు మిగిలినవి మూడు గ్రామప్రియ, మూడు నాటు, పెరుగుతున్న పిల్లలు మూడు. ఐదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉంటే రాత్రి పడకకి హాయిగా చాలు. లోపల నిలువు మెట్లలా కాకుండా ఒకే ఎత్తులో రెండు దుంగలు పెట్టండి, పై మెట్టు కోసం కొట్టుకోవు. గాజువాక ఆటోనగర్ వైపు వెల్డింగ్ షాపుల్లో చెప్తే ఫ్రేము చేసిస్తారు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, మన ఊరి ఉప్పుగాలికి ఇనుము నిలవదు. కొత్త మెష్ అని మురిసిపోతే రెండేళ్లకి వేలు పెట్టి నొక్కితే పొడి రాలుతుంది. జీఐది (జింకు పూత ఉన్నది) కొనండి, వెల్డింగ్ చేసిన అతుకుల మీద రెడ్ ఆక్సైడ్ రంగు వేయించండి, ఏటా వానలకి ముందు మళ్లీ ఒక చెయ్యి వేయండి.

గొళ్లెం విషయం. తాడుతో కట్టడం, పుల్ల దోపడం వద్దు. జారే గడియ పెట్టి దానికి కొక్కెం తగిలించండి. గడియ ఎంత గట్టిదైనా వేసే టైము తప్పితే లాభం లేదు. కోళ్లు మునిమాపు వేళ వాటంతటవే గూట్లోకి పోతాయి, ఆ తర్వాత పావుగంటలో తలుపు పడాలి. ఇప్పుడు జూన్ కాబట్టి ఆరున్నరకి పొద్దు గూకుతుంది, మీకు ఇబ్బంది లేదు. డిసెంబరులో మన విశాఖలో ఐదున్నరకే చీకటి. మీ వారు డ్యూటీ నుంచి వచ్చి వేస్తారులే అనుకుంటే ఏడు దాటుతుంది, ఆ గంటన్నర చాలు. శీతాకాలంలో కోళ్లు ఎక్కువ పోయేది ఇందుకే. ఆ బాధ్యత ఇంట్లో ఉండేవాళ్లే తీసుకోవాలి.

ఇకముందు లేచే పిల్లల్ని మొదటి నెల తల్లితో సహా గంప కింద ఉంచండి. మేదరవాళ్ల దగ్గర దొరికే వెదురు గంపే. మట్టి మీద కాదు, గచ్చు మీదో బండ మీదో బోర్లించి పైన రాయి పెట్టండి. మట్టి మీద పెడితే కొక్కు కిందనుంచి తవ్వుకొస్తుంది. తర్వాత సాయంత్రం రెండు గంటలు మీరు పెరట్లో ఉన్నప్పుడు వదలండి. గద్దలకి అడ్డంగా పైన కట్టడానికి పాత చేపల వలకి మించింది లేదు. భీమిలి వైపో, మంగమారిపేటలోనో చిరిగిన వలలు అడిగితే చౌకగా ఇస్తారు. కానీ ఆ వలని నేలదాకా దించకండి. పాములు అందులో చిక్కుకుని తెగిపోతాయి, విడిపించడం మన వల్ల అయ్యే పని కాదు. తల ఎత్తుకి పైనే ఉండాలి. కరివేప, మందార, గోరింట లాంటి పొదలు రెండు మూడు ఉంటే పిల్లలు దాక్కుంటాయి. సీడీలు, మెరిసే కాగితాలు వేలాడదీయడం, నల్లగుడ్డ కట్టడం వారం రోజులు పనిచేస్తాయి. ఎనిమిదో రోజు కాకి దాని మీదే కూర్చుంటుంది.

మేత గురించి మీరు అడగలేదు గానీ దొంగలకీ దానికీ చుట్టరికం ఉంది. రాత్రి గిన్నెలో నూకలు మిగిలాయంటే మీరు కోళ్లని మేపడం లేదు, ఎలుకల్ని మేపుతున్నారు. ఎలుకలు వస్తే వాటి వెనక పాము వస్తుంది. గంటెలు (సజ్జలు), చోళ్లు (రాగులు), నూకలు ఏవైనా సరే పొద్దున్న కొంచెం, సాయంత్రం గూటికి పిలవడానికి కొంచెం. గిన్నె కడిగి బోర్లించండి. గుడ్లు మధ్యాహ్నానికల్లా తీసేయండి. పెంకు కూడా మిగలకుండా గుడ్లు పోతుంటే పాము, పెంకు పగిలి సొన కారి ఉంటే ముంగిసో కాకో. పాము కనిపిస్తే కర్ర తీయకండి, దూరంగా నిలబడి పాములు పట్టేవాళ్లని పిలిపించండి.

తుపాన్ల మాట కూడా చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా గూటి రేకు ఎటు పోయిందో ఇప్పటికీ తెలీదు. ఆ గాలికి కోళ్లు ఒకదాని మీద ఒకటి పడి వంటింట్లో బతికాయి. పోయింది తర్వాతి వారంలో. వీధిలో ప్రహరీలన్నీ కూలాయి, చెట్లు పడ్డాయి, కరెంటు లేదు. కుక్కలకి ప్రతి ఇల్లూ తలుపు తీసిన ఇల్లే అయింది. గాలివాన దాటేసిందని మేం ఊపిరి పీల్చుకున్న రాత్రే ఐదు పోయాయి. అందుకే రేకుని మేకులతో కాక జె హుక్కులతో బిగించి, అక్టోబరు నెలకి ముందు పైనుంచి ఒక తాడు కట్టి పెట్టుకోండి. ఇంట్లో ఓ మూల రెండు గంపలు సిద్ధంగా ఉండాలి.

గాయం లేకుండా కోడి చచ్చిందంటే మాత్రం దొంగని వెతక్కండి, చాలాసార్లు అది తెగులే. కొక్కెర తెగులుకి వారం వయసులోపు కంట్లో చుక్కల టీకా, ఎనిమిది వారాలప్పుడు రెక్క కింద సూది వేయించాలి. పశువుల ఆసుపత్రిలో అడగండి. పెద్దవాటికి ఇప్పటిదాకా వేయించకపోతే ఆ సంగతీ అక్కడే చెప్పండి. ఒకేసారి రెండు మూడు పోతే అదే రోజు కబురు చేయండి. చచ్చినవాటిని తుప్పల్లోకి విసరకుండా లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి. పైన పడేస్తే కుక్కలకి మీ ఇంటి అడ్రసు మీరే ఇచ్చినట్టు. మొన్న చచ్చిన ఆ రెండు పెట్టల్ని ఏం చేశారో మీరు రాయలేదు. గోడ అవతల పడేసి ఉంటే ముంగిస అక్కడికే మళ్లీ వస్తూ ఉంటుంది.

మీ అత్తగారికి నా మాటగా చెప్పండి, ఆ నాటు పెట్టని మాత్రం కోయొద్దని. తొమ్మిది పిల్లల్ని లేపిన పెట్ట అది. గ్రామప్రియలు గుడ్లు పెడతాయి గానీ పొదగడం వాటి చేత కాదు. రెండో విడత వాటి గుడ్లు కూడా దీని కిందే పెట్టుకోవచ్చు. కొమ్మ కొట్టించి గూడు మార్చేదాకా రాత్రిళ్లు ఆరింటినీ, ఆ పిల్లల్నీ వసారాలో గంపల కింద పెట్టుకోండి, నాలుగు రోజులు వాసన భరించాలి.

ముగ్గులో ఏ అడుగులు పడ్డాయో రాయండి. ఫోన్‌లో ఫొటో తీసి పంపేటట్టయితే పక్కన అగ్గిపెట్టె పెట్టి తీయండి, సైజు తెలుస్తుంది.